రెండు వందల పది మెట్లు

మా బావమరిది ఈ సైనిక స్థావరానికి వచ్చిన రోజున బట్టల సంచి పట్టుకుని, ఏడుపుమొహంతో నా గది గుమ్మంలో నిలబడ్డాడు. వాడిని రప్పించింది నేనే. పై అధికారి కాళ్లావేళ్లా పడి నీళ్ల ట్యాంకరు మీద డ్రైవరుగా పెట్టించిందీ నేనే. ఆ ఉద్యోగానికి ఆకుపచ్చ కార్డు ఇస్తారని మాత్రం పెట్టించాకే తెలిసింది.

డ్రైవర్లు తప్ప, పరాయి దేశం నుంచి వచ్చిన మా పనివాళ్లందరి మెడలో ఎర్ర కార్డు వేలాడుతుంది. ఎర్ర కార్డువాడు కంచె దాటకూడదు, ఆకుపచ్చ కార్డువాడు దాటొచ్చు. నేను పదకొండేళ్లుగా ఇక్కడి లాండ్రీలో సిపాయిల యూనిఫాంలు ఇస్త్రీ చేస్తున్నాను. ఈ దేశం గురించి నాకు తెలిసిందల్లా లాండ్రీ వెనక తలుపు తీస్తే కనబడేదే. ముళ్లకంచె, అవతల ఒక వీధి, పండ్ల బండి, వీధి చివర కొండ మీద తెల్లటి లైట్‌హౌస్. ఇంత దూరం వచ్చి ఏమీ చూడలేదని మా ఆవిడకు చెప్పుకోవడం నామోషీ అనిపించింది. మొదటి ఏడాదే ఆ లైట్‌హౌస్ ఎక్కానని కోసేశాను. రెండు వందల పది మెట్లని లెక్క కూడా చెప్పాను.

వాడు వచ్చిన నెలకే ట్యాంకరు వేసుకుని గేటు దాటాడు. ఆ వీధిలో కొన్న నారింజలు తెచ్చి నా మంచం మీద పోశాడు. తియ్యగానే ఉన్నాయి, నాకే గొంతు దిగలేదు. ఆ తర్వాత మా ఆవిడ నాకు ఫోన్లో పంపేవన్నీ తమ్ముడి ఫొటోలే. లైట్‌హౌస్ ముందు నిలబడి దిగిన ఫొటో చూశాక నాకు తిండి సహించలేదు. వాడు మెట్లు లెక్కపెట్టి ఉంటే పెళ్లాం దగ్గర నా పదకొండేళ్ల పరువు గంగలో కలిసినట్టే.

లాండ్రీలో బట్టలు మిషన్లో వేసే ముందు జేబులు తడుముతారు. దొరికినదాన్ని డబ్బాలో వేసి పుస్తకంలో రాయాలి. ఒక సోమవారం తడిమే మనిషి సెలవు పెడితే ఆ పని నా మీద పడింది. డ్రైవర్ల సంచిలో, వాడి ప్యాంటు జేబులో ఆకుపచ్చ కార్డు చేతికి తగిలింది. ఫొటోలో పళ్లికిలిస్తున్నాడు. మధ్యాహ్నం రెండింటికల్లా కార్డు చూపించని డ్రైవరును బండి దింపేసి ఎర్ర కార్డు తగిలిస్తారు. అది తెలిసే నా చొక్కా జేబులో వేసుకున్నాను. పుస్తకంలో రాయలేదు.

పదింటికి వాడు రొప్పుతూ వచ్చి, కార్డు కనబడిందా అని అడిగాడు.

“లేదురా,” అన్నాను, ఇస్త్రీ బల్ల మీద నుంచి తలెత్తకుండా. దాచుకోవడమెందుకు, ఆ క్షణాన నా కడుపు చల్లబడింది.

భోజనాల వేళ మా ఆవిడ ఫోన్ చేసింది. పిల్లల చదువులు, ఇంటి కబుర్లు అయ్యాక నవ్వింది.

“మీరు ఉత్త కోతలు కోస్తున్నారనుకున్నానండీ ఇన్నాళ్లూ. తమ్ముడు కూడా లెక్కపెట్టాడట. సరిగ్గా రెండు వందల పదేనంట.”

నోటికొచ్చిన అంకె అది. ఎలా సరిపోతుంది? చేతిలో ముద్ద అలాగే వదిలేసి ట్యాంకరు షెడ్డుకు పరుగెత్తాను. వాడు సీటు కింద దూరి వెతుకుతున్నాడు. కార్డు చేతిలో పెట్టి, ఇప్పుడే నీ ప్యాంటు జేబులో దొరికిందన్నాను.

ఆ ప్యాంటు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి అప్పటికే లాండ్రీ నుంచి వచ్చేసింది. వాడి పక్కన సీటు మీదే ఉంది. వాడు ప్యాంటు వంక చూశాడు, తడి తగలని కార్డు వంక చూశాడు, నా వంక చూశాడు.

“ఎవరడిగినా ఇప్పుడే దొరికిందని చెబుతాలే బావా,” అన్నాడు.

మెట్లు నిజంగా లెక్కపెట్టావా అని అడిగాను.

“మెట్లదారి ఇటుకలతో మూసేసి ముప్ఫై ఏళ్లయిందట. ఎవర్నీ ఎక్కనివ్వరు,” అని బండి స్టార్ట్ చేశాడు.

వెనక తలుపు దగ్గర నిలబడి, ట్యాంకరు ఆ వీధిలోకి తిరగడం చూశాను. వాడి కార్డు మీద ఏడుపు ఆ రోజుతో పోయింది. అంత మంచి మనసు వాడికే ఎందుకుండాలని ఇప్పుడు కుళ్లి చస్తున్నాను.