దోనె ముడి

అది 1934. తాడేపల్లిగూడెంలో పుట్టి, కాలువకంటే పెద్ద నీరు ఎరగని నన్ను సముద్రం పక్కనున్న మడ అడవికి ఫారెస్టు గార్డుగా వేశారు. గార్డు కాపలా కాసే అడవి ముక్కను 'బీట్' అంటారు. రోజూ డైరీలో 'బీట్ తిరిగితిని' అని రాయాలి. చాలా రోజులు తిరిగింది నా కాళ్ళు కాదు, కలమే.

ఆ అడవిలో చిక్కంతా పాయలతో. ఆటు సమయంలో పాయ అడుగు తేలి, పిల్లలు ఆడుకునేలా ఉంటుంది. పోటు వచ్చిందంటే కాసేపట్లో నిలువులోతు. ఏ రోజు ఏ వేళకు పోటో తెలిపే అచ్చు పట్టికను 'టైడ్ టేబుల్' అంటారు. అది నా పాక గోడకు వేలాడుతుండేది. నన్ను మించిన పోటుగాడు లేడనుకునే వయసు. దాని వంక చూసేవాణ్ణి కాదు.

మాఘ పౌర్ణమినాడు పొద్దున్నే కొల్లేటికోట నుంచి సోమయ్య అనే జాలరి, భార్య మంగమ్మ, ఎనిమిదేళ్ళ సీత, మూడేళ్ళ బుజ్జి సముద్రస్నానానికి వచ్చారు. అడవిలో కాలిబాటన రెండు మైళ్ళు నడవాలి. బుజ్జి అప్పుడే ఎర్రపీతల వెంట పడ్డాడు.

"పిల్లాడు జాగ్రత్తండీ. పది అడుగులు పక్కకెళితే ఈ అడవిలో మనిషి కనబడడు" అన్నాను.

"కొల్లేట్లో పుట్టినోళ్ళమండీ గార్డుగారూ! నీళ్ళంటే మాకు భయమేటండీ?" నవ్వాడు సోమయ్య.

"భయం నీళ్ళతో కాదండీ, అడవితో" అన్నాను, అంతా తెలిసినవాడిలా.

వాళ్ళు వెళ్ళిన రెండు గంటలకు తీరిగ్గా డైరీ తీశాను. తేదీ పక్కన 'పౌర్ణమి' అని రాస్తుంటే కలం ఆగిపోయింది. పున్నమికి పోటు పెద్దది. టేబుల్ చూశాను. పోటు మొదలై అప్పటికే గంట.

జీవితంలో మొదటిసారి బీట్ నిజంగా పరుగున తిరిగాను. బాట పక్క గుంటల్లో నీళ్ళు చప్పుడు లేకుండా పైకొస్తున్నాయి. పాయ మలుపు తిరిగేసరికి సీత ఛాతీలోతు నీళ్ళలో నిలబడి, తమ్ముడి గడ్డం కింద చెయ్యి పెట్టి పైకెత్తి ఉంది. వాడి నడుముకు కండువా కట్టి ఉంది. రెండో కొస నీటి అడుగున మడచెట్టు మొదలుకు.

"అలలకి తమ్ముడు జడిశాడండీ. మేం సముద్రంలో మునిగొస్తాం, విప్పకు, తప్పిపోతాడన్నాడు నాన్న. ఇప్పుడు ముడి రావట్లేదండీ..." అరిచి అరిచి ఆ పిల్ల గొంతు పోయింది.

తడిసిన ముడి బిగిసి రాయైంది. కత్తి తీశానుగాని, మురికినీళ్ళలో ఏది కండువానో ఏది వాడి కాలో తెలియదు. ఎడమచేతి వేళ్ళు గుడ్డ చుట్టూ పోనిచ్చి, నా వేళ్ళు తెగితే తెగాయని కోశాను. కొంచెం తెగాయి కూడా. బుజ్జి భుజమెక్కి ఉప్పునీళ్ళు కక్కి, "పీత పోయింది" అని ఏడ్చాడు.

సోమయ్య, మంగమ్మ నీళ్ళలో పడుతూ లేస్తూ వచ్చారు. మంగమ్మ పిల్లలిద్దర్నీ ఒకేసారి లాక్కుని, "ఏవయ్యా, కట్టొద్దన్నానా!" అంది. సోమయ్య నీళ్ళలో చెయ్యి పెట్టి చెట్టుకున్న ముడి తడిమాడు.

"దోనెలో పిల్లల్ని ఇట్టాగే అడ్డకర్రకి కడతామండీ, జారిపోకుండా. నీళ్ళు లేస్తే దోనె కూడా లేస్తది కదండీ. చెట్టు లేవదని... తోచలేదండీ."

తప్పిపోతాడని బెదిరించి కట్టించింది నేనే. పోటు సంగతి చెప్పనిదీ నేనే.

చెట్టు మొదలున మిగిలిన ఆ ముడిని నేను విప్పలేదు. ఆ తరువాత పిల్లలతో ఎవరు వచ్చినా ముందు, "మీ ఊళ్ళో నీళ్ళు ఎట్లా లేస్తాయండీ?" అని అడిగేవాణ్ణి. ఆటువేళ ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి ముడి చూపించేవాణ్ణి. వాళ్ళు తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ అక్కడే గట్టున నిలబెట్టి, ఆ ముడి ఎక్కడుందో చూపించమనేవాణ్ణి. పోటుకి ఉత్త నీళ్ళే కనబడేవి. తల్లులు పిల్లల్ని చంకనెత్తుకునేవారు.