దీపాలక్క ఊకొట్టిన గది

ఇంకా కట్టని ఇళ్ళను కట్టినట్టే తెర మీద చూపించే ఆఫీసు అది. గోడలూ సోఫాలూ ఎవరైనా పేర్చనీ, చివరికి కోడ్‌లో వెలుగులు పెట్టేది మాత్రం ఒక్కావిడే. ఎండ ఏ కిటికీలోంచి రావాలి, ఏ దీపం ఎంత వెలగాలి, నీడ ఎటు పడాలి, అన్నీ ఆవిడ చేతి మీదుగా జరగాల్సిందే. అందుకే అందరికీ దీపాలక్క అయింది. మేనేజరంతటివాడు కూడా ఆమె కుర్చీ దగ్గరికొచ్చి అడిగి వెళ్ళేవాడు.

అంతలో కొత్తమ్మాయి ఊడిపడింది. వచ్చీ రాగానే ఒక వంటగదికి సాయంత్రపుటెండ పెట్టింది. మేనేజరు అందరినీ పిలిచి, "గిన్నె అంచు మీద ఎండ ఎలా నిలబడిందో చూడండి" అన్నాడు. దీపాలక్కా చూసింది. బాగుంది. బాగుండడంతోనే ఒంటికి కారం రాసుకున్నట్టయింది. ఇన్నాళ్ళలో తనకు అలాంటి ఎండ తట్టలేదు, అదీ అసలు మంట.

ఇంట్లోనూ అదే గోల. ఆ పిల్ల నవ్వు, జడ, కప్పు పట్టుకునే తీరు, దేన్నీ వదల్లేదు.

"నువ్వు భోంచేస్తున్నావా, ఆ పిల్లను నములుతున్నావా?" అన్నాడు మొగుడు.

"మీకేం, మీరు నవ్వుతారు. రేపు నా కుర్చీ లాక్కుంటుంది" అని విసురుగా లేచింది.

ఆ రేపు రానే వచ్చింది. ఒక హోటల్ పని తగిలింది. ఇద్దరూ చెరో పడకగది చెయ్యాలి, మంచం పక్కనున్న ఒక్క దీపం వెలుగులోనే. యజమానికి ఎవరి గది నచ్చితే హోటల్ దీపాలన్నీ వాళ్ళవే.

చూపించడానికి ముందురోజు కొత్తమ్మాయి పిలిచింది. "అక్కా, ఒక్కసారి చూడండి. మీరు చూస్తే నాకు ధైర్యం."

దీపాలక్క కళ్ళజోడు సర్దుకుని కోడ్ చదివింది. తప్పు ఇట్టే దొరికింది. పిల్ల వెలుగును గాజు బల్బు నడిమధ్యన పెట్టింది, ఆ బల్బుకేమో నీడ పడేలా రాసింది. కంప్యూటరుకు గాజైనా గోడైనా ఒకటే. బల్బే అడ్డం పడి వెలుగును బయటికి రానివ్వదు. పని చేసుకోవడానికి గదంతా సమంగా పరుచుకున్న ఉత్తుత్తి వెలుతురు ఇంకా ఉంది కాబట్టి ఆ సంగతి తెలియడం లేదు. బల్బుకు నీడ వద్దని ఒక్క మాట రాస్తే సరిపోతుంది.

"రేపు ఈ వెలుతురు తీసేసి చూపిస్తే చాలు కదక్కా?"

చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. గిన్నె అంచు మీది ఎండ గుర్తొచ్చింది. దీపాలక్క మాట మింగేసి, "ఊ" అంది.

మర్నాడు దీపాలక్క గదికి హోటల్ యజమాని తల ఊపాడు. తర్వాత కొత్తమ్మాయి ఆ వెలుతురు తీసేసింది. కన్ను పొడుచుకున్నా ఏమీ కనబడలేదు. దీపాలక్క కడుపు చల్లబడింది.

"ముందు ఎవరికైనా చూపించుకోవద్దా?" మేనేజరు పళ్ళు నూరాడు.

"అక్కకు చూపించాను సార్. సరేనన్నారు" అంది పిల్ల, ఏ కల్మషమూ లేకుండా.

అందరూ దీపాలక్క వైపు తిరిగారు. తప్పు కనబడిందంటే తన కుళ్ళు బయటపడుతుంది. కనబడలేదంటే దీపాలక్క అన్న పేరు పోతుంది.

"నాకూ కనబడలేదు సార్" అంది.

పిల్ల తల వంచుకుని కోడ్‌లో వెతికింది. ఏదో కొట్టింది. మంచం మీద దుప్పటి ముడతలు ఒక్కొక్కటే తేలేంత మెత్తగా దీపం వెలిగింది. యజమాని కుర్చీలో ముందుకు వంగాడు.

"దొరికిందక్కా, బల్బు నీడే అడ్డం పడింది. రండి, మీకూ చూపిస్తాను."

దీపాలక్క వెళ్ళి పక్కన నిలబడింది. పిల్ల వేలు పెట్టి చూపిస్తూ మొదటినుంచీ చెబుతుంటే, అందరి ముందూ ఊకొడుతూ విన్నది.