కమాండర్ నీతి, బాపు దగ్గు

ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా గని క్వార్టర్లో విశ్వం ఒకసారి నాశనం అంచుదాకా వెళ్లి, మేం అన్నాలు తిని చేతులు కడుక్కునేలోపు బయటపడేది. ఆ అంతరిక్ష సీరియల్ ఏ దేశానిదో మాకు తెలియదు. తెలుగులోకి మార్చినవాళ్లు మాత్రం కమాండర్‌కు పౌరాణిక నాటకం గొంతు పెట్టారు. చుట్టూ ఓడ తగలబడుతున్నా ఆయన "మిత్రులారా, ధైర్యమును వీడకుడు" అనేవాడు. చివర్లో ఓడ కిటికీ అద్దం దగ్గర నిలబడి, చుక్కలకేసి చూస్తూ ఒక నీతి చెప్పేవాడు. దాన్ని ఆయనకంటే ముందు నేను చెప్పేయడం మా ఇంట్లో ఆచారమైపోయింది. చాలాసార్లు సరిపోయేది కూడా. ఇవన్నీ తన తల్లి బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ చెప్పిన మాటలేనని, వాటికి అంత దూరం పోవాలా అని అమ్మ విసుక్కునేది.

బాపు, అంటే మా నాన్న, మాత్రం శ్రద్ధగా చూసేవాడు. వెలుతురు లేనిచోట, గాలిని లెక్కచూసి పీల్చుకుంటూ పనిచేసేవాళ్ల కథ గనిలో దిగే మనిషికి వింతేమీ కాదు. ఆయనకు ఒకటే అభ్యంతరం: ఆ ఓడలో ఎవరికీ షిఫ్టు దిగేదుండదు.

"ఎప్పుడు జూసినా గీల్లే ఉంటరు. ఇంకో షిఫ్టోల్లు రానే రారా?" అని నన్ను అడిగేవాడు, ఆ సీరియల్ నేనే తీసినట్టు.

టీవీ పైన గోడకు ఒక గడియారం ఉంది. బాపు ఏడాదంతా ఒక్క నాగా లేకుండా డ్యూటీకి వెళ్లాడని గని దగ్గర సభ పెట్టి, దండ వేసి ఇచ్చారు. నాగా అంటే పనికి పోని రోజు. మా దిక్కు మనిషి మంచోడా చెడ్డోడా అన్నది తర్వాతి సంగతి, నాగాలు పెడతాడా పెట్టడా అన్నది ముందు. ఆ గడియారం మాత్రం తొందరగానే శాశ్వతంగా నాగా పెట్టేసింది. ఆ జోకు నాదే. ఎవరు ఇంటికొచ్చినా వేసేవాణ్ని. బాపు నవ్వేవాడు కాదు.

ఇక అసలు సంగతి. లోకంలో అందరూ పెద్దవాళ్లు చల్లగా ఉండాలని మొక్కుతారు. మా కాలనీలో ఆ మొక్కు కొంచెం తిరగబడి ఉంటుంది. గనిలో పనికి ఇక పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చితే తండ్రి ఇంటికొస్తాడు, ఆయన బదులు కొడుకు ఉద్యోగంలోకి పోతాడు. అందుకే దారిలో ఎవరైనా "బాపుకు ఎట్లుంది?" అని అడిగినప్పుడు బాగుందని చెబితే, ఫికర్ చెయ్యకు, ఇంకా టైముంది అని ఓదారుస్తారు.

మాకు టైం లేదు. సర్వీసు అయిపోవచ్చినవాళ్లను బోర్డుకు పిలవరు. బాపుకు వచ్చిన పిలుపే ఆఖరుది. నాకేమో డిగ్రీ ఉంది, కరీంనగర్‌లో కోచింగ్ ఉంది, రాసిన పరీక్షలూ రద్దయిన పరీక్షలూ ఉన్నాయి. పనంటే మాత్రం చౌరస్తాలో మొబైల్ షాపులో పరాయివాళ్ల ఫోన్లకు గ్లాసులు అంటించడమే. నెలనెలా నా వయసు ఉద్యోగానికి దూరం జరుగుతోంది.

బాపు రోగం దొంగ రోగం కాదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. దగ్గు మొదలైతే పక్క క్వార్టర్లో గిన్నెలు మోగేవి. ఆ పక్క క్వార్టర్‌లో ఉండే కాక, నాకు బాబాయి వరస, అన్‌ఫిట్ అయి ఇంట్లో ఉన్నాడు, వాళ్ల కొడుకు డ్యూటీకి పోతున్నాడు. బోర్డు ముందు ఎట్లా ఉండాలో చెప్పడానికి ఆయనే వచ్చి కూర్చున్నాడు.

"లేని రోగం చెప్పకు, ఉన్న రోగం దాయకు. గంతేనే అన్నా," అన్నాడు.

ఆ ఆదివారం సీరియల్‌లో కమాండర్‌ను ఏదో గ్రహంవాళ్లు కోర్టులో నిలబెట్టారు. ఒక్క అబద్ధమాడితే ఓడ దక్కుతుంది. ఆడలేదు. ఓడను కాల్చేశారు. సత్యమును పలికినవానికి ఓటమి లేదని ఆయన అద్దం లేని చోట నిలబడి చెప్పాడు.

"మరి ఓడ కాలిపాయె గద?" అన్నాడు బాపు.

వచ్చే ఆదివారం కొత్తది వస్తుందని, వాళ్లకు పెద్ద స్టోర్ ఉంటుందని చెప్పాను.

బోర్డు రోజు పొద్దున్నే బస్సెక్కి పెద్ద దవాఖానకు వెళ్లాం. లోపలికి ఆయనొక్కడినే పిలిచారు. నేను బయట చెట్టు కింద, నాలాంటి కొడుకుల మధ్య నిలబడ్డాను. అందరం తండ్రుల రోగాల గురించి ఇంటర్వ్యూకొచ్చినవాళ్లలాగా మాట్లాడుకున్నాం. ఒకడి తండ్రికి గుండె జబ్బు. మిగతావాళ్లం వాణ్ని కొంచెం ఈర్ష్యగా చూశాం.

బాపు నవ్వుకుంటూ బయటికొచ్చాడు. ఆ గడప దగ్గర నవ్వు మంచి శకునం కాదు. టీ తాగుతూ జరిగింది చెప్పాడు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టర్ కుర్చీ చూపించి, డ్యూటీ ఎట్లా చేస్తున్నావని అడిగాడట. ఒక్క నాగా లేదని బాపు చెప్పాడట. గడియారం సంగతి కూడా చెప్పాడట. దగ్గు సంగతి అడిగారా అంటే, అడిగారు, పొద్దటినుంచి ఒక్కసారీ రాలేదు, ఇప్పుడు నయమే అన్నానని చెప్పాడు. సగం టీ ఉన్న గ్లాసును బల్ల మీద పెట్టేశాడు. ఏం జరిగిందో ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది.

కొన్నాళ్లకు కబురొచ్చింది: ఫిట్. బోర్డు చూసేది మాటలను కాదు, పరీక్షలను అని నాకు తెలుసు. అమ్మకు తెలిసినా ఒప్పుకోలేదు. టీవీలో వాడు చెప్పాడని సత్యం పలికి వచ్చావా, పిల్లగాని బతుకేం కావాలని నిలదీసింది.

"టీవీ కాదు," అన్నాడు బాపు. "గా డాక్టరు మంచిగ అడిగిండు. ఇన్నేండ్ల సంది ఎవ్వలడిగిండ్రు, ఎట్ల పనిచేస్తున్నవని? అడిగితె చెప్పబుద్ధయింది."

కమాండర్‌కు ఎప్పుడూ ఒకే నిజం ఎదురయ్యేది, చెప్పేస్తే కథ అయిపోయేది. బాపు దగ్గర రెండున్నాయి. ఆయన ఆయాసమూ నిజమే, ఆయన హాజరూ నిజమే. ఏది ముందు చెప్పాలో ఏ గ్రహంలోనూ చెప్పినట్టు లేదు.

తర్వాతి ఆదివారం ఓడ కొత్తగా మెరుస్తూ వచ్చింది. ఆ రోజు బాపుకు సెకండ్ షిఫ్టు పడింది. కమాండర్ అద్దం దగ్గరికి నడుస్తుండగానే లేచి, టిఫిన్ డబ్బా తీసుకుని బయటికి నడిచాడు. నేను నీతి చెప్పలేదు.

గడప దిగాడో లేదో దగ్గు అందుకుంది. పక్క క్వార్టర్ గిన్నెలు మోగే దగ్గు. గేటు పట్టుకుని వంగిపోయాడు. అమ్మ నీళ్ల చెంబుతో వెళ్లి, ఆయన తాగేదాకా నిలబడింది.

"గీ దగ్గు ఆ బోర్డు దినం ఏడికి వోయిందయ్యా?" అంది.

బాపు మూతి తుడుచుకుని, డబ్బా చేతులు మార్చుకున్నాడు.

"దానిది ఆ దినం నాగా," అన్నాడు.

మా ఇంట్లో జోకులు నా డ్యూటీ. ఆ జోకుకు మాత్రం నేను నవ్వలేదు. ఆయన మెల్లగా బస్టాప్ వైపు వెళ్లిపోయాడు.