మూడో మీట కింది కార్కు

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు, అందుకే ఇప్పటికైనా నోరు పెగులుతోంది. కుదురుగా చెప్పలేను. ఇప్పటికే రెండుసార్లు లేచి కిటికీ దాకా వెళ్ళొచ్చాను.

కెనడాలోని రెజైనాలో బ్యాండు వాయిద్యాలు బాగుచేయడం నా పని. మా నాన్న వరంగల్‌లో పెళ్ళి బ్యాండులో ట్రంపెట్ వాయించేవాడు. టంకం పెట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇక్కడికి చదువుకని వచ్చి, ఒక రిపేరు షాపులో పార్ట్‌టైం చేరి, అందులోనే స్థిరపడ్డాను.

డాక్టర్ గారు మా షాపుకి వచ్చే ఒకే ఒక్క తెలుగు మనిషి. గుంటూరు వైపు. ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టరుగా చేసి రిటైరయ్యారు. నలభై దాటాక ట్రంపెట్ మొదలుపెట్టి, ఊళ్ళో ఔత్సాహికుల ఆర్కెస్ట్రాలో ట్రంపెట్లలో ముఖ్యుడికిచ్చే మొదటి కుర్చీ దాకా వెళ్ళారు. తెలుగువాళ్ళ పిక్నిక్‌లలో నన్ను పిలిచి, ఈ అమ్మాయి చేతిలో పనితనం చూడండి అని అందరికీ చెప్పేవారు. బ్యాండువాళ్ళ పిల్లనని తెలిశాక కూడా ఆయన మాటలో తేడా రాలేదు. అలాంటి మనిషికి చేశానీ పని.

ఆయనది రోటరీ ట్రంపెట్. దానికి కుడిచేత్తో నొక్కే మామూలు వాల్వులు కాక ఎడమచేతి వేళ్ళకి అందేట్టు మూడు చిన్న మీటలుంటాయి. పైస్థాయిలో స్వరాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి, పెదవి వెంట్రుకవాసి జారినా పక్క స్వరం పలుకుతుంది. మీట నొక్కితే గొట్టంలో సూదిబెజ్జమంత రంధ్రం తెరుచుకుంటుంది. కావలసిన స్వరం నిలబడుతుంది, పక్కదానికి చోటుండదు. అయితే నొక్కనప్పుడు ఆ రంధ్రం పూర్తిగా మూసుకుని ఉండాలి. మూసేది చొక్కా గుండీ కన్నా చిన్న కార్కు బిళ్ళ. అది సరిగ్గా కూర్చోకపోతే గాలి పోయి, తేలిగ్గా పలికే కింది స్వరాలు కూడా మూలుగుతాయి.

మూడో మీట కార్కు నేను మార్చాను. తొందరలో మార్చాను. రెండు వారాలకి ఆయన తిరిగొచ్చారు. పదిరోజుల్లో కచేరీ, అందులో ఒక్కరే వాయించే సోలో ఆయనది.

"అమ్మా, కింది నోట్లు పలకట్లేదు. మొన్న నువ్వేసింది ఒకసారి చూస్తావా?"

పల్చటి కాగితం ముక్క కార్కు కింద పెట్టి లాగాను. బాగా మూసుకుంటే అది కదలకూడదు. సులువుగా ఊడొచ్చింది. అంటే తప్పు నా పనిలోనే.

"ట్రంపెట్ పర్ఫెక్ట్‌గా ఉంది అంకుల్."

"అయితే నా పెదవేనంటావా?"

"వయసుతో కొంచెం మారుతుంది కదా అంకుల్."

ఆయన ట్రంపెట్‌ని తిరిగి పెట్టెలో పెట్టుకున్నారు. "అంతేలేమ్మా. మొహమాటపడకుండా చెప్పావు."

ఎందుకలా అన్నాను? ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్న జవాబు ఒకటుంది. వెనక బల్ల దగ్గర ఓనరు ఉన్నాడు, ఆ నెలలో నా పని అప్పటికే రెండుసార్లు వెనక్కొచ్చింది, ఈ దేశంలో ఉండిపోవడానికి పెట్టుకున్న నా పీఆర్ అప్లికేషన్‌కి అతనే లెటర్ ఇవ్వాలి. అన్నీ నిజాలే. కానీ మేం మాట్లాడుకున్నది తెలుగులో కదా! ఓనరుకి ఒక్క ముక్క అర్థం కాదు. తప్పు నాదే అంకుల్, రేపోసారి రండి, గుట్టుగా సరిచేస్తాను అంటే సరిపోయేది. ఆయన నవ్వి ఊరుకునేవారు. పీఆర్ మాట వట్టి సాకు. ఆయన కళ్ళల్లో నా పనితనం తగ్గకూడదు, అంతే. ఛీ, ఇంత చిన్న విషయానికి!

వారంలో పిలిచి సరిచేద్దామనుకున్నాను. ఈలోపే ఆయన సోలో వదులుకున్నారు. తర్వాత మొదటి కుర్చీ, ఆ తర్వాత ఆర్కెస్ట్రా. ఎండాకాలం మొదట్లో ట్రంపెట్ అమ్మిపెట్టమని మా షాపులోనే ఇచ్చి వెళ్ళారు. కార్కు సరిచేయడానికి నాకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఊదితే కింది స్వరం ఖంగున మోగింది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. చేస్తే, ముందే తెలిసి ఎందుకు దాచావని అడుగుతారు. పెట్టేశాను. మాంట్రియల్‌లో చదువుకునే ఒకమ్మాయి దాన్ని కొనుక్కుపోయింది. మొదటిది భయంలో నోరు జారిందనుకున్నా, ఈ రెండోది ఆలోచించి చేశాను.

పోయిన నెల, తలో వంటకం తెచ్చుకునే ఒక పాట్‌లక్‌లో కనిపించారు. కొత్తగా వచ్చిన స్టూడెంట్లకి నన్ను పరిచయం చేశారు. ఇంట్లోవాళ్ళు కూడా చెప్పలేని నిజం ఈ అమ్మాయి మొహం మీద చెప్పిందని, మనిషంటే అలా ఉండాలని అన్నారు. నేను పులిహోర ప్లేటు పట్టుకుని నిలబడ్డాను. ఆయన ముందరి పళ్ళు రెండు ఊడిపోయాయి, ఊదేటప్పుడు పెదవికి ఆధారం లేదు. ఇప్పుడు చెప్పినా ఇక వాయించలేరు. మరి ఎవరి కోసం చెప్పాలి? నా కోసమేగా. నా మనసు తేలికపడడానికి ఆయన మనసు విరగ్గొట్టే హక్కు నాకుందా? లేక ఇది కూడా మరో సాకేనా? తేల్చుకోలేకపోతున్నాను.

మిమ్మల్ని క్షమించమని అడగను, అది మీ చేతిలో లేదు. ఒక్కసారి తెలుగులో ఆ మాట అనాలని ఉంది, విని ఊరుకోండి.

అంకుల్, మీ పెదవికి ఏమీ కాలేదు. మీరడిగినప్పుడే నాకు తెలుసు.