జ్వరం మామ చెయ్యి

మా ఫ్యాక్టరీలో ఏం తయారవుతుందని అడిగితే సూటిగా చెప్పగలిగినవాళ్లు తక్కువ. అది ముడిసరుకూ కాదు, మందూ కాదు. పత్తికీ గుడ్డకీ మధ్య నూలు లాంటిది. ఒక దేశం నుంచి ద్రావకాలు వస్తాయి, మేం వాటిని వండి పసుప్పచ్చ పొడి చేసి డ్రమ్ముల్లో నింపుతాం, ఇంకో దేశం దాన్ని మాత్రలు చేసి అమ్ముకుంటుంది. మాత్రల డబ్బా మీద మా ఊసే ఉండదు. కూరలో కరివేపాకు బతుకులు మావి. చావు మాత్రం మాకే వస్తుంది.

డ్రమ్ములకు చీటీలు అంటించే పని నాది. జ్వరం మామ రియాక్టరు ఆపరేటరు, ఇరవై రెండేళ్ల సర్వీసు. రియాక్టరంటే సరుకు వండే పెద్ద ఇనుప పాత్ర. దాన్ని చల్లబరిచి బయటికొచ్చే నీళ్ల గొట్టం మీద అరచెయ్యి ఆనించి, పిల్లల నుదురు చూసినట్టు చూసి, "దీనికి ఒళ్లు వెచ్చబడింది" అనేవాడు. ఆ పేరు అలా వచ్చింది. ఒకసారి తప్పు చెప్పాడు కూడా. ఎండకు కాలిన గొట్టాన్ని ముట్టుకుని కంగారుపడి సరుకంతా నీళ్లపాలు చేయించాడు. అప్పట్నుంచి షిఫ్ట్ ఇన్‌చార్జి ఆయన చేతిని నమ్మడం మానేశాడు.

ఆ ఇన్‌చార్జి మామకు స్వయానా బావమరిది. ఇంట్లో పెట్టుకుని చదివించిందీ, ఈ ఉద్యోగంలో చేర్పించిందీ మామే.

ఆ ఉదయం అవతలి దేశం వాళ్లు సగం సరుకే అర్జెంటుగా కావాలన్నారు. పాత్రలో ఎప్పుడూ పోసేదాంట్లో సగమే పోశారు. కొంప ముంచింది అదే. థర్మామీటరు పుల్ల పాత్రలో సగం దాకానే దిగుతుంది. సరుకు దానికంటే కిందుంది. పుల్ల గాల్లో వేలాడుతూ చల్లగా ఇరవై డిగ్రీలు చూపిస్తోందన్న సంగతి ఒక్కడికీ తట్టలేదు. పై అంతస్తులో మేం బక్కోడని పిలిచే కుర్ర హెల్పరు యాసిడ్ కుళాయి మీద చెయ్యేసి సన్నగా ధార వదులుతున్నాడు. యాసిడ్ పడేకొద్దీ సరుకు వేడెక్కుతుంది. ఇన్‌చార్జి చెప్పకుండా ఆ కుళాయి కట్టకూడదన్నది మా రూలు.

చీటీల మీద నంబరు అడగడానికి నేను లోపలికి వెళ్లేసరికి మామ గొట్టం మీద చెయ్యి పెట్టి చటుక్కున లాక్కున్నాడు. అరచెయ్యి ఎర్రగా కందిపోయింది. పక్కనున్న ఇన్‌చార్జి వైపు తిరిగాడు.

"యాసిడ్ ఆపించరా! కింది వాల్వు తిప్పి మొత్తం తొట్టి నీళ్లలోకి వదిలేద్దాం."

"మీటరు ఇరవై చూపిస్తోంది బావా. మళ్లీ మొదలెట్టావా నీ నాటువైద్యం?"

"మీటరు సంగతి నాకు తెలీదు. నా చెయ్యి చూడు, కాలింది."

"పోయినసారీ కాలింది. సరుకు పోతే అక్కడ వాళ్ల ఫ్యాక్టరీ ఆగిపోద్ది. మళ్లీ మన గుమ్మం తొక్కరు." తల పైకెత్తి, "పొయ్యరా, ఆపకు!" అని అరిచి, వాల్వుకు అడ్డంగా నిలబడ్డాడు.

 మామ గోడకున్న పైపు రెంచి తీసి బావమరిది దవడ మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. రెండు పళ్లు నేల మీద పడ్డాయి. అతను పడిపోయి కూడా మామ కాలు పట్టుకుని లాగాడు. మామ అతని భుజం మీద మరో దెబ్బ వేశాడు. 

"బక్కోడా, దిగరా!" అని మామ గొంతు చించుకున్నాడు. బక్కోడు తొంగిచూసి, ఇన్‌చార్జి మాట కోసం ఆగాడు. రూలు కదా! నోటినిండా రక్తమున్న మనిషి ఏం చెబుతాడు?

మామ చేతిలో వాల్వు తిరిగింది. కొంత సరుకు బుసకొడుతూ నీళ్లలోకి దూకింది. మిగతాది ఆగలేదు. బోల్టులు తెగి, మూత పై అంతస్తును చీల్చుకుని కప్పులోంచి ఎగిరిపోయింది. కాలుతున్న ముద్ద వానలా కురిసింది. మామ బావమరిది మీద బోర్లా పడ్డాడు. మామ వీపు చర్మం చొక్కాతోపాటు ఊడొచ్చింది. నన్ను ఆ ఊపు గుమ్మం బయటికి విసిరేసింది. బక్కోడిలో మాకు దొరికింది ఒక చెప్పు, ఒక చెయ్యి. ఆ చెయ్యి ఇంకా కుళాయిని పట్టుకునే ఉంది.

మూడో రోజు కంపెనీ పెద్దమనిషి ఒకడు ఆసుపత్రికి కాగితం టైపు చేయించుకుని తెచ్చాడు. ఇంటి తగాదా మనసులో పెట్టుకుని ఆపరేటరు ఇన్‌చార్జిని కొట్టాడట, వాల్వు తిప్పి పేలుడు తెచ్చాడట. ఇన్‌చార్జి సంతకం పెడితే మామ నేరుగా జైలుకే. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

మామ బోర్లా పడుకుని మూలుగుతున్నాడు. పక్క మంచం మీద ఇన్‌చార్జి. ఇద్దరి మధ్యా స్టూలు మీద అత్త, అంటే మామ భార్య. ఒక పక్క మొగుడు, ఒక పక్క తమ్ముడు.

"నీ దవడ అతుక్కుంటుందిరా," అంది తమ్ముడితో. "ఏం రాయాలో నేను చెప్పను. బక్కోడి వాళ్లమ్మ బయట వరండాలో కూర్చుని ఉంది. అదొక్కటే చెబుతున్నా."

దవడకు తీగలు బిగించి ఉండడంతో అతను మాట్లాడలేడు. కలం తీసుకుని, టైపు చేసిందంతా అడ్డంగా కొట్టేసి, కింద ఏదో రాశాడు. పెద్దమనిషి కాగితం మడవబోతుంటే నేను లాక్కుని పైకి చదివాను.

"నన్ను కొట్టింది మా బావే. ఆపకుండా పొయ్యమన్నది నేను. కాలిన చెయ్యి నాకు చూపిస్తూ ఆగకుండా ముందే కొట్టి ఉంటే బక్కోడు బతికేవాడు."