సున్నపు గీతలు

పోయిన వారం కరెంటు తీగలకు అడ్డం వస్తున్నాయని మా వీధి చివరి చెట్టు కొమ్మలు కొట్టేశారు. అప్పుడే అన్నం ముందు కూర్చున్నాను. కిటికీలోంచి పచ్చికొయ్య వాసన వచ్చింది, ముందు కొంచెం తియ్యగా, తర్వాత వగరుగా, చివర్న విరిగిన పాల వాసనలాగా. ముద్ద నోటిదాకా పోలేదు. "ఏమత్తా, ఒంట్లో బాగలేదా" అని కోడలు అడిగితే చారులో ఉప్పు ఎక్కువైందని చెప్పి లేచిపోయాను. ఆ పిల్ల చారులో ఉప్పు ఎప్పుడూ ఎక్కువ కాదు, పాపం. నాకు అబద్ధమాడటం, నిజం మింగేయడం చిన్నప్పటినుంచీ బాగా చేతనవును.

మా నాయన బాగేపల్లిలో తరిమెన పట్టేవాడు. వడ్రంగమే మా ఇంటి పని అయినా నాగళ్లు, తలుపులు ఆయన ముట్టుకునేవాడు కాదు. ఇంటి ముందు చప్పరం కింద రెండు గుంజలు, వాటి నడుమ ఇనుప మొనల మధ్య బిగించిన కొయ్య, ఆ కొయ్యకు రెండు చుట్లు చుట్టిన తాడు, అదే తరిమెన. అమ్మ ఎదురుగా కూర్చుని తాడు ఈ కొస ఒకసారి ఆ కొస ఒకసారి లాగుతుంటే కొయ్య ముందుకూ వెనక్కూ గిర్రున తిరిగేది. నాయన నేల మీద కూర్చుని, కాలి బొటనవేలితో ఉలిని అదిమిపట్టి, కొయ్య తన వైపు తిరిగినప్పుడు కోసి, వెనక్కి తిరిగినప్పుడు ఉలి తీసేసేవాడు. పనిలో ఉన్నంతసేపూ ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు కాదు. అమ్మకు కోపం వచ్చిన రోజు తాడు ఒక కొస గట్టిగా, ఒక కొస మెల్లగా వచ్చేది, అప్పుడు నాయన ఉలి పక్కన పెట్టి, ఆమె కోపం దిగేదాకా బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు. చివరగా తిరిగే కొయ్యకు లక్క కడ్డీ ఆనిస్తే ఆ ఒరిపిడి వేడికి లక్క కరిగి పసుపో ఎరుపో కొయ్యకు పట్టుకునేది, వాకిలంతా కమ్మటి మాడు వాసన. ఆ పైన మొగలి ఆకు అదిమితే మన ముఖం అందులో కనిపించేంత నున్నగా వచ్చేది.

బొంగరాలు, గిలక్కాయలు, కుంకుమ భరిణెలు మా కడుపు నింపేవి. శివరాత్రికి వాటన్నిటినీ గోతాల్లో నింపుకుని బండి మీద నంది జాతరకు పోయేవాళ్లం. నేను గోతాల మీద పడుకుని, కింద బొంగరాలు గుచ్చుకుంటున్నా కదలకుండా, బొరుగులూ వేయించిన చెనిక్కాయలూ నములుతూ దారంతా కొండను చూస్తూ పోయేదాన్ని. కానీ నాయనకు పేరు తెచ్చింది మాత్రం తొట్టిళ్లు. కూతురికి బిడ్డ పుడితే పుట్టింటివాళ్లు తొట్టిల పెట్టాలి, నామకరణం నాడు బిడ్డను అందులో వేయాలి. నాలుగు మూలలా మంచానికి ఉన్నట్టు నాలుగు కోళ్లు, చుట్టూ సన్నటి కమ్ములు, పైన వేలాడే చిలకలు. చింతామణి నుంచి, చిక్కబళ్లాపురం నుంచి కూడా అడిగి వచ్చేవాళ్లు. నాయన చేసిన తొట్టిల్లో పెరిగిన బిడ్డకు దిష్టి తగలదని ఎవరు మొదలుపెట్టారో, ఆ మాట ఒకటి ఊళ్లలో తిరిగేది. నాయన దానికి నవ్వేవాడు గాని కాదని చెప్పేవాడు కాదు.

అన్నిటికీ ఒకటే కొయ్య. పాలకొయ్య అనేవాళ్లం, నరికితే తెల్లగా పాలు కారుతుంది. చలికాలంలో బండ్ల మీద వస్తే తొక్క తీసి, మూరన్నర ముక్కలు కోసి అటక మీద పేర్చేవాళ్లు. ఉగాది నాడు తలంటు పోసుకుని, వేపపువ్వు బెల్లం తిని, ఓబట్లకు కూర్చునే ముందు నాయన కొబ్బరిచిప్పలో సున్నం కలుపుకుని, ఈతపుల్ల కుంచెతో అటకెక్కేవాడు. ప్రతి కొయ్య కొస మీదా ఒక గీత గీసేవాడు. ఒక ఉగాది చూసిన కొయ్యకు ఒక గీత. రెండు గీతలైతే బొంగరానికి పనికొస్తుంది. తొట్టిలకు మూడు గీతలు కావాలి, తగ్గకూడదు. "మనకేనా వయసొచ్చేది, వాటికీ రావాల గదా" అనేవాడు. నేను కింద నిచ్చెన పట్టుకుని నిలబడేదాన్ని.

నాకు ఎనిమిదేళ్లు. అటక మీద మధ్యాహ్నాలు వెచ్చగా, పొడిపొడిగా ఉండేది, పిల్లలెవరూ తోడు లేకపోతే అక్కడే ఆడుకునేదాన్ని. కొయ్యలే నా బిడ్డలు. వాటికి నీళ్లు పోసినట్టు, పాలు తాపినట్టు, అవ్వ చీర పేలిక చుట్టి జోకొట్టినట్టు. అందరిలో ముద్దయినవాడు బొడ్డోడు. వాడి నడుమ బొడ్డులాగా ఒక ముడి ఉండేది. వాడికి అప్పటికి ఒకటే గీత. ఏడాది బిడ్డ నడవడు, మాట్లాడడు, ఇస్కూలుకు పోడు. ఆ వేసవిలో ఒకరోజు అదే చిప్పలో ఎండిపోయిన సున్నంలో నీళ్లు పోసి, అదే కుంచెతో వాడికి ఇంకో రెండు గీతలు గీశాను. వాడొక్కడే పెద్దవాడైతే ఏం బాగుంటుందని పక్కనున్న నలుగురికీ గీశాను. బొడ్డోడికి మాత్రం గీతల పక్కన కాటుకతో ఒక దిష్టిచుక్క పెట్టాను. తర్వాత వేరే ఆటలు వచ్చాయి, వాళ్లను మరిచిపోయాను.

శ్రావణంలో చాకవేలు నుంచి వెంకటప్ప అనే రైతు వచ్చాడు. బాగా భూమి ఉన్నవాడు, ఒక్కతే కూతురు. ఆ అమ్మాయికి ఇద్దరు బిడ్డలు పుట్టి పురిటిలోనే పోయారు, మూడోవాడు నిలిచాడు. ఆయన చప్పరం కింద కూర్చుని, కండువా చేతుల్లో మెలిపెడుతూ, "నీ చేత్తో చేసిందే కావాలప్పా. ఈ బిడ్డ మాకు దక్కాల" అన్నాడు. అంత పెద్దమనిషి అలా అడుగుతుంటే నాయన తల వంచుకున్నాడు.

అటక మీంచి నాయన దించిన నాలుగు కొయ్యల్లో బొడ్డోడు ఉన్నాడు, మిగతా మూడూ నాయన గీతలవే. చూడగానే నాకు సంతోషమే వేసింది, నా బిడ్డ తొట్టిల అవుతున్నాడని. గీతలున్న వాడి కొస కోసి పారేస్తే ఆ ముక్కను అమ్మ తాడు లాగేటప్పుడు కాలు తన్నిపెట్టుకోవడానికి వేసుకుంది. కొంతసేపటికి అమ్మ తాడు ఆపి, "పొట్టు దారాల మాదిరి వస్తాండాది. రోజూ పిండిగా రాలేది" అంది. నాయనను కన్న అవ్వకు అప్పటికి చూపు లేదు, చేత్తోనే అన్నీ చూసేది. తడుముకుంటూ వచ్చి కొయ్య మీద అరచెయ్యి పెట్టింది.

"చల్లగా ఉండాది రా. ఇంకా పచ్చిదేమో చూడు."

"మూడు గీతలుండాయి గదమ్మా. ముసురు పట్టింటే చల్లగా ఉండక ఏం చేస్తాది."

అప్పుడు తెలిసింది నాకు. గడప మీద కూర్చుని జొన్న పేలాలు తింటున్నాను, నోట్లోవి నోట్లోనే ఉండిపోయాయి. ఒక్క మాట చెబితే చాలు, నాయన ఇంకో కొయ్య తెచ్చుకునేవాడు. కుంచె ముట్టుకున్నందుకు తంతాడేమోనని భయపడ్డాను. నిజానికి నాయన నన్ను ఎన్నడూ కొట్టలేదు. అమ్మ మళ్లీ తాడు లాగింది. పసుపు లక్క, దాని మీద ఎర్ర కట్లు, బొడ్డోడి పచ్చిదనమంతా లోపలే ఉండిపోయింది. తొట్టిల బండెక్కి చాకవేలు పోయింది, నామకరణం బాగా జరిగిందని మాకు చెక్కెర, తమలపాకులు పంపించారు.

కార్తీకంలో పొడిగాలి తిరిగింది. వెంకటప్ప బండి మా వాకిట్లో ఆగింది. తొట్టిలను ఆయనే దించి చప్పరం కింద పెట్టాడు. ఒక కోడు పైనుంచి కిందిదాకా చీలి ఉంది. ఉన్నట్టుండి చీలి తొట్టిల ఒరిగిందట, బిడ్డ పడకుండా తల్లి పట్టుకుందట. మర్నాడు బిడ్డకు జ్వరం తగిలింది. ఐదో రోజుకు పిల్లవాడు పోయాడు.

"నీ తప్పని నేననడంలేదప్పా" అన్నాడు వెంకటప్ప. "ఇది ఇంట్లో ఉండగూడదని మా ఆడోళ్లంటాండారు. కాల్చేదానికి నాకు చేతులు రాలేదు."

నీళ్లు ఇస్తే తాగలేదు. బండి మలుపు తిరిగేదాకా నాయన నిలబడే ఉన్నాడు. ఆ ఏడు పల్లెల్లో జ్వరాలకు చాలామంది పిల్లలు పోయారు, జ్వరానికీ చీలిన కొయ్యకూ ఏ సంబంధమూ లేదని ఇవాళ నాకు తెలుసు. తెలిసీ ఏమీ తేలికపడలేదు.

నాయన చీలిన కోడును వాసన చూశాడు. అమ్మ కాలి కింది ముక్క గుర్తొచ్చి తెచ్చి, వెలుతురులో తిప్పి చూశాడు. మూడు గీతలు, పక్కన కాటుక చుక్క. తర్వాత తల ఎత్తి, "ఏమన్నా చెప్పాల్నా పాపా?" అన్నాడు. కోపంగా కాదు. అన్నం తిన్నావా అని అడిగినట్టే అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను.

లోపలినుంచి అమ్మ, అవ్వ వస్తున్న అలికిడైంది. నాయన ఉలి తీసుకుని కాటుక చుక్కను చెక్కేశాడు. వాళ్లు వచ్చాక, "గీతలు నేనే తప్పు గీసినాను. ఇంక దేన్నీ నమ్మేదానికి లేదు" అన్నాడు.

ఆ సాయంత్రం అటక మీద కొయ్యలన్నీ దించాడు. మూడేళ్లుగా పేర్చిన కొయ్య. ఏది ఎండిందో ఏది పచ్చిదో తెలియని కొయ్యతో ఇంకో బిడ్డకు తొట్టిల చేయనన్నాడు. ఎన్ని గీతలు దొంగవో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. బొడ్డోడు పోగా మిగిలినవి నాలుగే, ఏవేవో వేలు పెట్టి చూపించగలను. చూపించలేదు. ఆ చలికాలమంతా మా పొయ్యిలో అవే కాలాయి, సంగటి వాటి మీదే ఉడికింది, నేను తిన్నాను.

తర్వాత మా ఇంటికి తొట్టిల కోసం ఎవరూ రాలేదు. వచ్చినా నాయన చేసేవాడు కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముదిరాక చిక్కబళ్లాపురంలో ఒక కంట్రాక్టరు కొట్టంలో సైన్యం గుడారాలకు మేకులు చెక్కే పనికి కుదిరాడు. రంగు లేదు, లక్క లేదు, కొయ్య వయసు అడిగేవాడు లేడు. చప్పరం కింద తరిమెన తాడు చెదలు పట్టింది. అమ్మ ఎదురుగా కూర్చునే చోట కోళ్లు పొర్లేవి. అవ్వ చచ్చిపోయేదాకా, కొడుకు గీత తప్పాడని, పని మీద ధ్యాస లేదని సాధించింది, నాయన ఒక్కనాడూ బదులు చెప్పలేదు. నా పెళ్లయ్యాక, నాకు బిడ్డ పుట్టినప్పుడు, ఆయన బజారులో ఇనుప తొట్టిల కొని తెచ్చి, తల వంచుకుని నా ముందు పెట్టాడు. అప్పుడైనా చెప్పొచ్చు. ఆయన పోయేముందు నెల రోజులు నా ఇంట్లోనే ఉన్నాడు, అప్పుడైనా చెప్పొచ్చు.

ఇప్పుడు మా వైపు పాలకొయ్య చూద్దామన్నా దొరకదు. తరిమెన అంటే నా మనవళ్లకు తెలియదు. మునిమనవరాలి తొట్టిల పెట్టెలో మడిచి వచ్చింది, గుడ్డా గొట్టాలూ, దానికి ఏ వాసనా లేదు. మొన్న కొట్టేసిన కొమ్మలు వీధి చివర ఇంకా పడి ఉన్నాయి, పొద్దున పాలకు పోతూ వాటిని దాటుకునే పోతున్నాను.

నాయనా, ఆ గీతలు నేను గీశాను. ఐదు కొయ్యలకే గీశాను. మిగిలినవన్నీ నువ్వు గీసినవే, అన్నీ మంచివే.