రెండో ఎత్తుకే ఇచ్చిన బంటు

మాది ఆళ్లగడ్డలో బట్టల కొట్టు. నిరుడు మా అమ్మాయి హారికను చదరంగం పోటీకి నంద్యాల తీసుకెళ్లాను. "ఈసారి ఓడితే ఆట చాలించి సదువుకోవల్ల" అని వాళ్ల నాయన ముందే చెప్పి పంపారు.

ఫైనల్లో హారిక రెండో ఎత్తుకే ఒక బంటును తేరగా ఇచ్చేసింది. పక్కనున్న అవతలి పిల్ల తండ్రి నవ్వి, "ఏందక్కా, మీ పాపకు ఆట రాదా?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

కానీ ఆ బంటు ఖాళీ చేసిన దారిలోనే హారిక ఏనుగు దూసుకెళ్లి రాజును కట్టేసింది.

బయటికొచ్చాక, "బంటు పోతే భయం కాలేదామ్మా?" అని అడిగాను.

"అయిందిమా. దాన్ని దాచుకుని కూర్చుంటే ఏనుగు యాడికి పోతాది?" అంది.

బస్సెక్కాక వాళ్ల నాయనకు ఫోన్ చేసి, "పాప గెలిచింది. ఇంక ఆట ఆపేది లేదు" అన్నాను. ఆయనతో నేనంత గట్టిగా మాట్లాడడం అదే మొదటిసారి.